రెండో భుజం

మొన్న ఆదివారం మడివాళ మార్కెట్ వెనక సందులో ఒక టైలరు నాకు రవిక కొలతలు తీసుకున్నాడు. కుడి భుజం మీంచి నడుము దాకా టేపు జార్చి, అంకె గొణుక్కుని, పుస్తకంలో రాసుకుని, చెయ్యి పొడవుకు దిగిపోయాడు.

"ఎడమ వైపు కూడా కొలవండి," అన్నాను.

"ఎందుకు మేడం? ఎవరికైనా రెండూ ఒకటే కదా," అని నవ్వాడు. మంచివాడే పాపం. అనంతపురం నుంచి వచ్చి రెండేళ్లయిందట, చేతిలో పని ఉంది.

నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఆ మాట చెవిన పడగానే, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకున్న ఒక పొట్టి మనిషి నా వెనక నిలబడి, "ఏందప్పా, వీడికి రెండు కండ్లు ఉండాయి గదా, ఒక పక్కే సూస్తాండాడే" అన్నట్టు అనిపించింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఎవరో నా రెండో భుజాన్ని కొలవకుండా వదిలేసేసరికి ఇక ఆగలేకపోయాను.

కాటన్‌పేటలో ఒకే గేటు, ఒకే కొళాయి, తొమ్మిది ఇళ్లు ఉన్న వఠారం మాది. గేటు పక్కన మొదటి ఇల్లు ఆమెది. ముందుగదిలో కుట్టుమిషను, కత్తిరింపు బల్ల. వెనక గదిలో కాపురం. అమ్మ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు దొడ్డమ్మ అయింది. ఆమె మాత్రం ఆడా మగా, చిన్నా పెద్దా చూడకుండా అందరినీ "అప్పా" అనే పిలిచేది. గేటు దగ్గర పడుకునే కుక్కను కూడా.

మెడలో టేపు లేకుండా ఆమెను నేను చూసింది బహుశా నాలుగైదు సార్లు. పెదాల ఎడమ మూలన గుండుసూదులు ఉండేవి. వాటిని అలాగే పెట్టుకుని మాట్లాడేది, నవ్వేది. కాఫీ కూడా తాగుతుందని మా పిల్లల్లో ఒక పుకారు. కోపం వస్తే మాత్రం ఒక్కొక్క సూదీ నోట్లోంచి తీసి చీర భుజానికి గుచ్చుకునేది. నోరు ఖాళీ అయిందంటే ఎదుటివాళ్ల పని అయిపోయినట్టే. మొదటి సూది కదలగానే మేం గేటు దాటేవాళ్లం.

ఇంకో అలవాటు ఉండేది. ఆమె మనుషుల్ని వెనక నుంచి చూసేది. కొలతలకు ఎవరొచ్చినా నమస్కారం కన్నా ముందు "తిరుగప్పా" అనేది. మార్కెట్టుకు వెంట తీసుకుపోతే, ముందు నడిచే వాళ్లను చూపించి నా చెవిలో చెప్పేది: "ఆయప్ప కుడి భుజం జారిండాది సూడు. ఎప్పుడూ ఆ చేత్తోనే మోస్తాడు." ఒకసారి ఎవరో పెద్దమనిషి వెంట సగం వీధి నడిచింది. ఆయనకు అనుమానం వచ్చి తిరిగి చూస్తే, "ఏం లేదప్పా, నీ వీపు సూస్తాంటి, బాగుండాది" అని మెచ్చుకుని వెనక్కి వచ్చింది. ఆయన చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

"మొకం అబద్ధం చెప్తాదప్పా. వీపుకి ఆ తెలివి లేదు," అనేది.

వంకర మనిషిని తిన్నటి మనిషిగా చూపించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒక భుజం దిగి ఉంటే లోపల కాన్వాసు ముక్క వేసి ఎత్తు చేసేది. వీపు ఒకవైపు ఎత్తుగా ఉంటే అక్కడ గుడ్డ కాస్త వదులు చేసి, మరో చోట లోపలికి మడిచి కుట్టేది. వేసుకున్నవాళ్లకు కూడా తెలిసేది కాదు. బసవనగుడి నుంచి, జయనగరం నుంచి ఆడవాళ్లు ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్లు. ఆమె చేతిలో మాయ ఉందని చెప్పుకునేవాళ్లు. ఆ మాయ నా మీదా పనిచేసింది, నా ఖర్మ కొద్దీ.

నా స్కూలు యూనిఫాం చొక్కాలన్నీ ఆమే కుట్టేది. నాకు పద్నాలుగేళ్లప్పుడు స్కూలుకు వచ్చిన ఒక లేడీ డాక్టరు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ముందుకు వంగి పాదాలు తాకమంది. నేను వంగగానే ఆమె నా వెనక్కి వచ్చి మళ్లీ వంగమంది. నా వీపు కుడివైపు పక్కటెముకలు ఎత్తుగా పైకి లేచాయట. వారం తిరక్కుండా పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తిన్నగా ఉండాల్సిన నా వెన్నెముక వీపు మధ్యలో కుడివైపుకు వంగి ఉంది.

"ఎదుగుదల ఆగేదాకా ఆరు నెలలకోసారి చూడాలి," అన్నాడు అక్కడి ఎముకల డాక్టరు. "ఇలాగే ఉండిపోతే భయం లేదు. పెరుగుతూ పోతే ఆపరేషను చేసి లోపల రాడ్ వెయ్యాలి. ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"బట్టలన్నీ చక్కగా కూర్చునేవి సార్," అంది అమ్మ.

ఆ సాయంత్రం దొడ్డమ్మ మా గడప దగ్గరికి వచ్చింది. చేతిలో కొలతల పుస్తకం ఉంది. నోట్లో సూదుల్లేవు, చీర భుజానికీ లేవు. అలా ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి, భయమేసింది.

"మూడేండ్లుగా నాకు తెల్సప్పా," అంది అమ్మతో. పుస్తకం తెరిచి చూపించింది. "మొదటేడు పావు ఇంచి తేడా. రెండో ఏడు అర ఇంచి. ఈ ఏడు ముప్పావు. రాసి పెట్టినా. ఎడమ భుజంలో కాన్వాసు ఏసుకుంటా వచ్చినా."

"తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేదా అక్కా?"

"ఆడపిల్లకు వంకర ఉండాదని నోటితో అనగూడదు, గుడ్డతో సరిజేసి నోరు మూసుకోవాల అని మాయమ్మ నేర్పింది. మా పనిలో అదే మర్యాద. బిడ్డ వీపు పెరుగుతాందని నాకు తోచలా. కుట్టు తేడా అనే తోచింది."

అమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్విక నా గడప తొక్కొద్దు" అని మెల్లగా చెప్పి తలుపు వేసింది. ఆ రోజు నుంచి తన రవికలు రెండు వీధుల అవతల వేరే చోట కుట్టించుకుంది. వఠారంలో ఒకే కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఇద్దరూ మాట్లాడుకోకపోవడం నేను రోజూ చూసేదాన్ని.

దొడ్డమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది కొన్నాళ్లు. అప్పటికి ఆమెకు మల్లేశ్వరం వైపు ఒక యోగా బడి నుంచి ఆర్డరు వచ్చి ఉంది. గుండ్రటి దిండ్లకు గలీబులు, నడుముకూ కాళ్లకూ కట్టుకునే గుడ్డ బెల్టులు. వాటిని ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. గోడలకు తాళ్లు కట్టి ఉన్నాయి, నేల మీద చెక్క దిమ్మెలు ఉన్నాయి. అక్కడి మేష్టారు ఒకతన్ని వెనక్కి తిప్పి, బనీను మీద వెన్నెముక వెంట సుద్దముక్కతో గీత గీశాడు. తరువాత అతని పాదాలు జరిపించి, తొడలు బిగించమని చెప్పి, గీత ఎక్కడెక్కడ మారిందో చూపించాడు.

ఆ సంగతి ఆమె జీవితాంతం చెప్పింది, ఎప్పుడూ అవే మాటల్లో: "నా సుద్ద, నా బెల్టు, నా దిండు. అంతా నా పనే జేస్తాండాడప్పా. కాకపోతే గుడ్డని కాదు, మనిషిని సరిజేస్తాండాడు."

యాభై రెండేళ్ల వయసులో ఆ బడిలో చేరింది. చీర మార్చుకుని చుడీదారులో బయల్దేరితే వఠారం అంతా నవ్వింది. ఆమె పట్టించుకోలేదు. పొద్దున అక్కడ నేర్చుకున్నది సాయంత్రం కత్తిరింపు బల్ల పక్కన చేసి చూసుకునేది. కన్నడంలో ఉన్న ఒక శరీరశాస్త్రం పుస్తకాన్ని వేలు పెట్టి ఒక్కో మాటా చదివేది. పుస్తకంలో బొమ్మ చాలక, ఖాళీ దారపు రీళ్లను ఎలాస్టిక్కుకు గుచ్చి వెన్నెముక చేసింది. మెడకు ఏడు తెల్ల రీళ్లు, వీపుకు పన్నెండు ఎర్రవి, నడుముకు ఐదు నీలం. రీలుకూ రీలుకూ మధ్య మెత్తటి దుప్పటి గుడ్డ గుండ్రంగా కత్తిరించి పెట్టింది. దాన్ని గుమ్మానికి వేలాడదీస్తే, కొలతలకు వచ్చినవాళ్లు ఇదేదో దిష్టికి కట్టారనుకునేవాళ్లు.

మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం ఆమె మళ్లీ మా గుమ్మం ముందు నిలబడింది. ఒక చేతిలో చాప, ఒక చేతిలో ఆ రీళ్ల వెన్నెముక. తలుపు వేసే ఉంది.

"తలుపు తియ్యొద్దప్పా, విను సాలు," అంది బయటి నుంచే. "డాక్టరు దగ్గరికి పోయి అడిగినా. ఆసనాలు జేయించు, తప్పు లేదు, ఎక్స్‌రేలు మాత్రం మానొద్దు అన్నాడు. నేను ఎముకని తిప్పలేను. తిప్పుతానని ఎవరన్నా అంటే నమ్మొద్దు. దాని సుట్టూ నిద్రపోతాండే కండని లేపుతా. ఊపిరి పోని పక్కకి ఊపిరి పంపిస్తా. నువ్వు పక్కనే కూర్చో. తప్పు జేస్తే నన్ను కొట్టు."

లోపల అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాలాసేపు ఏరుతూనే ఉంది. తరువాత చేట పక్కన పెట్టి తలుపు తీసింది.

"పొద్దున ఐదున్నరకి," అంది. "నేను కూర్చుంటాను."

అలా మొదలైంది. ఆమె మొదట నాకు నేర్పింది ఉత్తినే నిలబడటం. తాడాసనం. నిలబడటంలో నేర్చుకోవాల్సింది ఏముంటుందని అనుకున్నాను. రెండు నిమిషాల్లో చెమట పట్టింది. "రెండు మడమల మీదా సరిగ్గా బరువుండాల. నడుము దగ్గర కుచ్చు పడతాండాది, తియ్యి. మెడ వెనక గుడ్డ పొడుగు జెయ్యి." ఆమె భాష అంతా కుట్టుభాషే. వీపు పొడవు పెంచమనడానికి "మడత విప్పు" అనేది. భుజాలు చెవుల దాకా లేస్తే "కాలరు దింపు" అనేది. త్రికోణాసనంలో చెయ్యి నేలకు తాకించాలని నేను ఒంకర్లు పోతే చిన్నగా చెంప మీద తట్టేది. "నేలని ముట్టుకుంటే ఎవరు మెచ్చుకుంటారప్పా? పక్కటెముకలు పొడుగుండాల. దిమ్మె పెట్టుకో."

రీళ్ల వెన్నెముకను చేతిలో పట్టుకుని, నాకున్నది వంపు మాత్రమే కాదని, మెలిక కూడా ఉందని చూపించింది. కుడివైపు పక్కటెముకలు వెనక్కి నెట్టుకొచ్చినప్పుడు ఎడమవైపు ఊపిరి చొరబడని మూల ఎలా అయిపోతుందో చెప్పింది. దిండు మీద నన్ను కుడిపక్కకు పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తలపైకి చాపించి, ఎడమ వీపు మీద అరచెయ్యి పెట్టేది. "నా చెయ్యి లేపు. వేళ్లతో కాదు, ఊపిరితో." వారం రోజులు ఆమె చెయ్యి కదల్లేదు. ఎనిమిదో రోజు కదిలింది. ఆ అరచేతి కింద నా వీపు పైకి లేచిన క్షణం నాకిప్పటికీ గుర్తుంది. నా శరీరంలో నేనెప్పుడూ పోని ఒక గది ఉందని అప్పుడే తెలిసింది.

కాపలాకు కూర్చున్న అమ్మ మొదట్లో పూలు కట్టుకుంటూ, కళ్లెత్తకుండా ఉండేది. రెండో నెలలో ఒకరోజు దొడ్డమ్మ నోరు తెరిచేలోపే "ఎడమ పక్క ఊపిరి! ఎడమ పక్క!" అని అరిచింది. దొడ్డమ్మ సూదుల వెనక నవ్వు దాచుకుంది. అమ్మ మళ్లీ పూలలోకి తల దించుకుంది.

ఒక షరతు మాత్రం నన్ను ఏడిపించింది. నా యూనిఫాం కుట్టే పని ఆమె మళ్లీ అడిగి తీసుకుంది, కానీ అందులో కాన్వాసు వెయ్యనంది. "ఇంక నీకు దాచిపెట్టి కుట్టను. సరిగ్గా కత్తిరిస్తా. వంకర కనబడనీ. కనబడితేనే గదా సూడగలం." పద్నాలుగేళ్ల పిల్లకు చెప్పాల్సిన మాటేనా అది? స్కూల్లో నన్ను సొట్ట భుజం అన్నారు. ఇంటికి వచ్చి చొక్కా ఆమె బల్ల మీదికి విసిరి, నువ్వంటే నాకు అసహ్యం అన్నాను. ఆమె ఒక్క సూదీ తియ్యలేదు. చొక్కా మడిచి నా చేతికిచ్చి, "రేపు ఐదున్నరకి" అంది.

నాకు వర్తించిన నియమం అందరికీ వర్తించింది. ఇకమీదట చెప్పకుండా ఎవరి వంకరా దాచనని ఒట్టు పెట్టుకుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆటోల్లో వచ్చే ఆడవాళ్లలో సగంమంది మళ్లీ రాలేదు. ఇంతలో ఒకరోజు ఒక పెళ్లికూతురు వచ్చింది. వెంట తల్లి, కాబోయే అత్తగారు. నేను బల్ల పక్కన దిండు మీద పడుకుని ఎడమ వీపులోకి ఊపిరి పంపే పనిలో ఉన్నాను.

"తిరుగప్పా," అంది దొడ్డమ్మ పెళ్లికూతురితో. కొలిచింది. "నీ ఎడమ భుజం అర ఇంచి దిగిండాది. డాక్టరుకు ఒకసారి సూపించుకో."

పెళ్లికూతురి తల్లి ముఖం కందగడ్డయింది. "మా పిల్లకు వంకరా? పెళ్లివారి ముందర అనే మాటేనా ఇది?"

దొడ్డమ్మ ఒక సూది తీసింది. రెండు. మూడు. నేను దిండు మీద అలాగే బిగుసుకుపోయాను. అన్నీ తీసేసి, మెడలోంచి టేపు లాగి, కాబోయే అత్తగారి చేతిలో పెట్టి వెనక్కి తిరిగి నిలబడింది.

"నువ్వే కొలువప్పా. ముందు నన్ను."

ఆవిడ బిత్తరపోయి కొలిచింది. దొడ్డమ్మ కుడి భుజం అర ఇంచి కిందికి ఉంది. "ముప్పై ఏండ్ల కత్తెర," అంది దొడ్డమ్మ. "నాదీ వంకరే. ఇంక నీదెంతో సూడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గదిలో ఉన్న అందరూ ఎవరి భుజాలు వాళ్లు తడుముకున్నారు. అత్తగారి తేడా ముప్పావు ఇంచి తేలింది, పెళ్లికూతురి కన్నా ఎక్కువ. తల్లిదీ తేలింది. నీళ్లు పట్టుకోవడానికి వచ్చినవాళ్లు బిందెలు పక్కన పెట్టి వరసలో నిలబడ్డారు. ఎవరికి ఎంత వచ్చిందో అరిచి చెబుతుంటే వఠారం అంతా నవ్వులు. పెళ్లికూతురైతే నవ్వలేక నేల మీద కూలబడింది. అప్పుడు అత్తగారే అడిగింది, ఈ వయసులో దీనికేమైనా చేయొచ్చా అని.

"శనివారం పొద్దున ఆరుకి రా. చాప తెచ్చుకో," అంది దొడ్డమ్మ, సూదులు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంటూ.

అత్తా కోడలూ ఇద్దరూ వచ్చారు. అలా మొదలైన శనివారం క్లాసు ఆమె పోయేదాకా ఆగలేదు.

నా సంగతి మాత్రం అంత నవ్వులాటగా సాగలేదు. ఏడాది తిరిగేసరికి తీసిన ఎక్స్‌రేలో వంపు పెరిగింది. ఆమె టేపు కూడా అదే చెప్పింది: భుజాల తేడా ముప్పావు నుంచి ఒక ఇంచికి వచ్చింది. "వచ్చేసారికి ఇంకా పెరిగితే తేదీ రాసుకోవాలి," అన్నాడు డాక్టరు. బస్సులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. నేను కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. ఇంత చేసి ఏం లాభం అనిపించింది. మరునాడు ఐదున్నరకు లేవలేదు.

ఆమె మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "నీ కోపం నాకు తెల్సు," అంది. "నీ ఎముక నా మాట వింటాదని నేనెప్పుడూ సెప్పలా. రేపు ఆపరేషను జేసినా బలంగా ఉండే వీపు తొందరగా లేస్తాది. జేయకపోయినా బలంగా ఉండే వీపు నీదే. ఎట్లయినా నష్టం లేదు. లెయ్యప్పా."

లేచాను. ఆ ఆరు నెలలు చేసినంత పట్టుదలగా జీవితంలో మరే పనీ చేయలేదు. గుమ్మానికి బెల్టు కట్టి, దాన్ని తుంటి దగ్గర వేసుకుని, నడుము నుంచి ముందుకు సాగి వేలాడేదాన్ని. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడివడటం తెలిసేది. స్కూల్లో బెంచీ మీద కూర్చున్నా, బస్సులో నిలబడినా ఎడమ వైపుకే ఊపిరి. సొట్ట భుజం అన్నవాళ్లకు ఒకరోజు నేనే వెనక్కి తిరిగి చూపించి, "ఇంచి. కావాలంటే కొలుచుకోండి, తరువాత మీవి కొలుస్తా" అన్నాను. ఆ తరువాత ఎవరూ అనలేదు.

తరువాతి ఎక్స్‌రేలో వంపు పెరగలేదు. దాని తరువాతి దాన్లోనూ పెరగలేదు. పదిహేడేళ్లు నిండాక ఒక మధ్యాహ్నం డాక్టరు నా ఎదుగుదల ఆగిపోయిందని, ఆపరేషను అక్కర్లేదని, ఇక ఏడాదికోసారి వస్తే చాలని చెప్పాడు. ఆ రోజు దొడ్డమ్మ కూడా వెంట వచ్చింది. డాక్టరు చెప్పింది ఆమెకు చాల్లేదు. రెండేళ్ల నాటి ఫిల్మునూ ఆ రోజు ఫిల్మునూ అడిగి తీసుకుని, కత్తిరింపు కాగితాలు సరిచూసుకున్నట్టు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు కలిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నడుము ఎముక మీద నడుము ఎముకను ఆనించి, అక్కడి నుంచి పైకి ఒక్కో పూసా వేలితో తాకుతూ వెళ్లింది. డాక్టరు ఫైలు పక్కన పెట్టి ఆమెనే చూస్తున్నాడు.

"నిలబడిందప్పా," అంది చివరికి. "ఆసనాలు నిలబెట్టినాయో, తనంతట తానే నిలబడిందో నాకు తెల్దు. నిలబడింది."

అంతే, ఆసుపత్రి అని కూడా చూడకుండా అక్కడే నన్ను గట్టిగా వాటేసుకుంది. నాకు సూదులు గుచ్చుకుంటాయేమోనని భయపడ్డాను. ఆ రోజూ ఆమె నోట్లో సూదుల్లేవు. నేను గాలిలో తేలుతున్నట్టు బయటికి వచ్చాను. ఆ సాయంత్రం బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం.

ఇంటికి వచ్చాక అమ్మ బీరువా తెరిచింది. అడుగు నుంచి ఒక రవిక గుడ్డ తీసింది. ఆకుపచ్చది, ఎర్ర అంచు. మూడేళ్లుగా వాడకుండా దాచిపెట్టిన గుడ్డ. తీసుకుని గేటు పక్కన మొదటి ఇంటికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"అక్కా," అంది గుడ్డ బల్ల మీద పెట్టి. "నాకు రవిక కుట్టు." చెప్పకముందే వెనక్కి తిరిగి నిలబడింది. "రెండు భుజాలూ కొలువు."

దొడ్డమ్మ కుడివైపు మూడుసార్లు కొలిచింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది?

ఆ తరువాత ఆమె పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పింది. ఎవరికైనా మొదటి రోజు రీళ్ల వెన్నెముకే చూపించేది, ఏడూ పన్నెండూ ఐదూ అని లెక్కపెట్టించేది. రెండు పక్కలూ ఒకేలా ఉండాలని ఎప్పుడూ చెప్పలేదు. "రెండు పక్కలకీ పనుండాల. అదీ సమానం," అనేది. డెబ్బై దాటాక కూడా తన కుడి భుజం అర ఇంచి దిగే ఉందని, ఒక్క పిసరు కూడా జారలేదని కొలిచి చూపించి గర్వపడేది. చివరి నెలలో మంచం మీద ఉన్నప్పుడు నన్ను పిలిచి, గుమ్మానికి వేలాడే రీళ్లు విప్పి తీసుకుపొమ్మంది. ఇప్పుడవి మడివాళలో పీజీ హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలకు నేను యోగా నేర్పే మేడ మీద, తలుపు కొక్కేనికి వేలాడుతున్నాయి. రోజంతా కంప్యూటర్ల ముందు వంగిన వీపులతో వస్తారు పిల్లలు. ఎర్ర రీళ్ల దగ్గర వేలు పెట్టి చూపిస్తే ఠక్కున అర్థమైపోతుంది.

మొన్నటి టైలరు దగ్గరికి వస్తాను. నేను పట్టుబట్టేసరికి, సరే ఈవిడ గోల ఎందుకన్నట్టు ఎడమ వైపు కూడా టేపు జార్చాడు. ఆగాడు. మళ్లీ కుడివైపు కొలిచాడు. మళ్లీ ఎడమ.

"మేడం, తేడా ఉండాది," అన్నాడు కంగారుగా.

"ఎంత?"

"ఇంచి. సరిగ్గా ఒక ఇంచి."

నాకు పదిహేనేళ్లప్పుడు దొడ్డమ్మ రాసుకున్న అంకె. ఇన్నేళ్లకూ ఒక్క నూలు పోగంత కూడా కదల్లేదు. ఆ సందులోనే ఈల వెయ్యాలనిపించింది.

"మీరేం దిగులు పడొద్దు మేడం," అన్నాడు అతను గొంతు తగ్గించి. "లోపల కాన్వాసు ముక్క ఏస్తా. ఎవురికీ తెలీదు."

"వద్దు. ఉన్నది ఉన్నట్టే కత్తిరించండి. కనబడనివ్వండి."

ఏమనుకున్నాడో ఏమో, రాసుకోవడానికి మిషను వైపు తిరిగాడు. అతని వీపు కనబడింది. కుడి భుజం బాగా దిగి ఉంది. నేను అతని మెడలోంచి టేపు తీసుకున్నాను.

"అట్లే ఉండప్పా," అన్నాను. "ఇప్పుడు నీది చూద్దాం."